మీల్ మేకర్ మీద తీర్మానం

"ఊరి మగజాతి పరువు కాపాడనీకి, రేపటి సంది అంగన్‌వాడిల, కిరాణ దుకాణాలల్ల మీల్ మేకర్ బంద్!"

సర్పంచ్ ఈశ్వరయ్య మైకుల ఎలాన్ చేసిండు. మొయినాబాద్ పక్కన అంత చిన్న ఊరికి ఇంత ముందుచూపున్న లీడర్ దొరుకుడు మామూలు అదృష్టం కాదు.

ఆ ముందుచూపు సమత పుణ్యమే. తొమ్మిదిల బడి బందైనా, ఫోన్ల ఉన్న డాక్టర్లందరి దగ్గర సమత చదువుకున్నది. మీల్ మేకర్ చేసే సోయాల ఐసోఫ్లేవోన్లు ఉంటయని, అవి ఆడ హార్మోన్ లెక్క ఉంటయని ఒక వీడియోల సగం విన్నది. మిగిలిన సగం వినేలోపే కాళ్లు చేతులు ఆడలే. నాలుగేండ్ల కొడుకు సాయిచంద్ మీల్ మేకర్ కూర లేనిదే ముద్ద ముట్టడు మరి! ఉరికి పోయి సర్పంచ్ చెవిల ఏసింది: "అన్నా, మగపోరగాండ్లు ఆడపిల్లలైతరట!"

బంద్ అయినంక సాయిచంద్ రెండు దినాలు సరిగ తినలే. "నా మటన్ ఏదే?" అని ఒకటే ఏడుపు. అది మటనని నమ్మిచ్చింది కూడ సమతనే.

మూడోనాడు పోరణ్ణి సంకనేసుకొని చేవెళ్ల దవాఖానకు పోయింది. డాక్టర్ రమణి నవ్వు ఆపుకున్నది.

"అవి ఆడ హార్మోన్‌ని కాస్త పోలి ఉంటాయంతే, అదే కాదమ్మా. సోయా గింజల్లో, సోయా పాలల్లో, మీల్ మేకర్లో ఉంటాయి. కూరలో తింటే మగవాళ్ల హార్మోన్లు మారినట్టు పరీక్షల్లో తేలలేదు. సోయా పడనివాళ్లు మానెయ్యాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు కొన్ని గంటలు ఎడం ఉంచాలి. ఇంతకీ వీడియో పూర్తిగా చూశావా?"

"సగం చూసిన మేడమ్."

"మరి సగం భయమే పడాల్సింది."

సమత అటు నుంచి అటే పంచాయతి ఆఫీసుకు పోయింది. అక్కడ ఈశ్వరయ్య చెప్తుంటె కార్యదర్శి వర్షిత తీర్మానం రాస్తున్నది.

"అన్నా, నేను తప్పు చెప్పిన. బంద్ తీసేయుండ్రి. పోరడు తింటలేడు."

"ఇప్పుడెట్ల తీస్త చెల్లె? పేపర్ల నా ఫోటో వచ్చింది. మగోడన్నంక మాట ఒక్కటే ఉండాలె!"

వర్షిత రిజిస్టర్ ముందుకు జరిపింది. "మేడమ్ సంతకం కావాలె సార్."

"నా పెండ్లాం నిర్మల ఇంట్ల రొట్టెలు చేస్తున్నది. ఇటు తే."

ఈశ్వరయ్య పెన్ను అందుకొని, ముత్యాలసుంటి గుండ్రటి అక్షరాలతోని, ఒక్క మెలిక తప్పకుంట సంతకం పెట్టిండు: శ్రీమతి నిర్మలమ్మ, సర్పంచ్.

డాక్టరమ్మ మాటలకు కుదుటపడ్డ సమత గుండె మళ్ల దడదడ కొట్టుకున్నది.

"అన్నా," అని మెల్లగ అడిగింది, "మీల్ మేకర్ మీరు ఎన్నేండ్ల సంది తింటున్రు?"