భానుశ్రీ చీనా ప్రావీణ్యం

కిరందుల్ ఇనుప గనుల టౌన్‌షిప్ తెలుగు సంఘం వారు సభ్యులందరికీ సవినయంగా తెలియజేయునదేమనగా, స్క్రీనింగ్ ప్లాంటు ఫోర్‌మన్ శ్రీ చక్రధరరావు గారి ఏకైక పుత్రిక చిరంజీవి భానుశ్రీ చైనా దేశంలో ఒక సెమిస్టరు చదివి, చీనా భాషలో అపార ప్రావీణ్యం సంపాదించి తిరిగి వచ్చిన సందర్భంగా ఆదివారం సాయంత్రం క్లబ్బు హాలులో ఘన సన్మానం జరుగును. అల్పాహారం కలదు.

నోటీసు చదువుతూ భానుశ్రీ "అపార ప్రావీణ్యం" దగ్గర ఆగిపోయింది. ఆ నాలుగు నెలల్లో నిజంగా మెరుగుపడింది ఆమె తెలుగు. హాస్టల్లో ఒక పక్క గదిలో నెల్లూరు అమ్మాయి, మరో పక్క ఖమ్మం అమ్మాయి, ఇద్దరూ వైద్య విద్యార్థినులు. ముగ్గురూ కలిసి రైస్ కుక్కర్లో పులిహోర కలపడంలో అంతర్జాతీయ స్థాయికి చేరుకున్నారు. చీనా విద్యార్థులు మాట్లాడటానికి వచ్చేవారు గాని, తమ ఇంగ్లీషు బాగుచేసుకోవడానికి వచ్చేవారు. ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక భానుశ్రీ వాళ్ల ఇంగ్లీషు బాగుచేసి పంపించింది.

అసలు చిక్కు చివరి మౌఖిక పరీక్షలో వచ్చింది. పరీక్షకుడు ఆచార్య వెన్, భారతీయ భాషల మీద పరిశోధన చేసే తెల్లటి గడ్డం పెద్దాయన, "మీ ఊరి గురించి చెప్పు" అన్నాడు. భానుశ్రీ బట్టీపట్టిన పేరా గడగడా అప్పజెప్పింది: మా ఊరు కొండల మధ్య ఉంది, మట్టి ఎర్రగా ఉంటుంది, అక్కడ గోండి, హల్బీ, దోర్లీ వంటి ఎన్నో భాషలు మాట్లాడతారు.

పెద్దాయన కళ్లు మెరిశాయి. పరీక్ష కాగితం పక్కకు నెట్టి నోటుబుక్కు తీశాడు.

"గోండిలో నీళ్లని ఏమంటారు?"

ఇది సిలబస్‌లో లేదు. భానుశ్రీ పుట్టింది కిరందుల్లో, పెరిగింది కిరందుల్లో. ఇరవై ఏళ్లలో ఒక్క గోండి ముక్క నేర్చుకోకుండా కాపాడుకుంటూ వచ్చింది. "తెలియదు" అనే మాట చీనాలో ఆమెకు బాగా వచ్చు, మొదటివారం పాఠమే. అయినా నోరు రాలేదు.

"మంచ్‌నీర్" అంది.

"ఉప్పు?"

"ఉప్పాల్."

"అమ్మ?"

"అమ్మాల్."

పెద్దాయన పది మాటలు శ్రద్ధగా రాసుకున్నాడు. "మీ తెలుగుకు ఆశ్చర్యకరంగా దగ్గరగా ఉందే!" అని మురిసిపోయాడు. నూటికి తొంభై రెండు మార్కులు వేశాడు. ఇంటికెళ్లి వంద మాటలు పంపమని, వచ్చే నెల తమ భాషా పరిశోధన పత్రికలో ఆమె పేరుతో సహా అచ్చువేస్తానని మాట ఇచ్చాడు. అబద్ధాన్ని అంత మర్యాదగా ఎవరూ పుచ్చుకుని ఉండరు.

సన్మాన సభలో సంఘం అధ్యక్షులు సన్యాసిరావు గారు నలభై నిమిషాలు మాట్లాడారు. "భాష అనేది ఒక వంతెన! ఆ వంతెన మీద మొదట అడుగుపెట్టింది మన టౌన్‌షిప్ బిడ్డ!" అని గర్జించి, చీనాలో నాలుగు వాక్యాలు సెలవియ్యమన్నారు. భానుశ్రీ చైనా హాస్టల్ క్యాంటీన్ బోర్డు మీది కూరల పేర్లు వరసగా అప్పజెప్పింది. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. గుడ్ల కూర దగ్గర చక్రధరరావు కళ్లు తుడుచుకున్నారు.

మర్నాడు ఉదయం, ఏళ్లుగా ఆ ఇంటికి కూరగాయలు అమ్మే కోసి అనే గోండు ఆమె గంపతో గుమ్మంలోకి వచ్చింది. ఇంట్లో గోండి, బ్యాంకులో హిందీ, జగ్దల్‌పూర్ వ్యాపారులతో హల్బీ మాట్లాడే మనిషి. ఏటా మిరపకాయల కోతకు సరిహద్దు దాటి తెలంగాణకు పోయి, మూడేసి నెలలుండి తెలుగు నేర్చుకుంది. దాన్ని ఎవరూ సెమిస్టరు అనలేదు.

"కోసీ, గోండిలో నీళ్లని ఏమంటారు?" అని భానుశ్రీ గొంతు తగ్గించి అడిగింది.

"ఏర్ అంటం. ఏంది బిడ్డా, ఇయ్యాల యాదికొచ్చింది?"

"ఇన్నేళ్లలో నేనెప్పుడూ వినలేదే!"

"ఎట్లింటవు? మీ గుమ్మంల దూపైతే మీ మాటల్లనే నీళ్లడిగిన గద. ఏర్ అంటే ఎవలిస్తరు?"

భానుశ్రీ మెట్టు మీద కూలబడి, పరీక్షలో తాను పుట్టించిన పది మాటలూ ఒప్పుకుంది. ఉప్పాల్ దగ్గర కోసి గంప దించేసింది. అమ్మాల్ దగ్గర గోడకు ఆనుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "పాపం, ఆ ముసలాయన గవి నిజమని రాసుకున్నడా?" అంది. అంతవరకూ భానుశ్రీకి తన పరువు ఒక్కటే కనిపించింది. ఆ ముసలాయన గుర్తుకు రాలేదు. మొదటిసారి నిజంగా సిగ్గేసింది.

"నాకు నేర్పుతావా, అక్కా?"

ఆ పిలుపుకి కోసి గంప పక్కకు జరిపి, సరేనంది. పదకొండు ఉదయాలు నేర్పింది. కోసి దగ్గర తొంభై రెండు మార్కులు పడే పద్ధతి లేదు. తప్పు పలికితే గంప ఎత్తుకుని లేచి నిలబడేది, సరిగ్గా పలికేవరకు కూర్చునేది కాదు. వంద మాటలూ పూర్తయ్యాక భానుశ్రీ ఆచార్యుడికి ఉత్తరం రాసింది. ఆ పది మాటలూ అబద్ధమని, ఈ వందా నిజమని, నేర్పింది కోసి అని రెండు పేజీలు చీనాలో రాసింది. బట్టీ లేదు, కాపీ లేదు. సెమిస్టరు లక్ష్యం ఆ విధంగా కిరందుల్లో, వంటింటి గుమ్మం దగ్గర నెరవేరింది.

వారానికి జవాబు వచ్చింది. పాత పది కొట్టేశాననీ, కోసి పేరు పైన వేస్తున్నాననీ, నిజం చెప్పిన ఉత్తరంలో వ్యాకరణ దోషాలు పదిహేడున్నాయనీ ఆయన రాశాడు.

ఆ ధైర్యంతో భానుశ్రీ సంఘం ముందు ఒక మనవి పెట్టింది: క్లబ్బు హాలులో కోసి చేత పిల్లలకు గోండి తరగతులు చెప్పిద్దాం. కార్యవర్గం సానుభూతితో పరిశీలించింది. "చాలా గొప్ప భాష, మాకెంతో గౌరవం. కానీ దాంతో ఏ దేశం వెళ్తారమ్మా?" అన్నారు సన్యాసిరావు గారు. హాలు చీనా తరగతులకు కేటాయించారు, గురువు భానుశ్రీ. నలభై ముగ్గురు చేరారు. గోండికి పేరు ఇచ్చినవారు లేరు.

రెండు నెలల తర్వాత ఆచార్య వెన్ నుంచి శుభవార్త వచ్చింది. ఆ వంద మాటలకు దక్కిన ఆదరణ వల్ల వారి విశ్వవిద్యాలయంలో గోండి భాషకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు పెడుతున్నారు, విదేశీ విద్యార్థులకు స్వాగతం. ఆ వారంలోనే టౌన్‌షిప్‌లో పదకొండు కుటుంబాలు పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టుకున్నాయి.

సన్యాసిరావు గారు ఆ సంతోషం పట్టలేక, గేటు దగ్గర చింతపండు అమ్ముతున్న కోసిని పిలిచి మరీ చెప్పారు.

"మా అబ్బాయి అరుణ్ చైనా వెళ్తున్నాడు, తెలుసా? గోండి నేర్చుకోవడానికి!"

"మంచిదయ్యా," అంది కోసి, చింతపండు తూస్తూ. "ఆడ ఎవలు నేర్పుతరు?"

సన్యాసిరావు గారు జాలిగా నవ్వారు.

"నీకెలా చెప్పనే... అక్కడంతా నిపుణులు."