కొండమ్మ కూర, హెలెనమ్మ కుండ

ఆ ఆదివారం కొండమ్మ అనుకున్న పని చాలా చిన్నది. పొద్దున్నే బాబ్జీ దగ్గర అరకేజీ పంది మాంసం తెచ్చి, చర్చికి వెళ్ళేలోపు పొయ్యి మీద పెట్టి, ఎండ వాలగానే పక్కింటి హెలెనమ్మతో కలిసి తినాలి. వారమంతా మిరపకల్లాల్లో కూర్చుని కాయల తొడిమలు తీసే చేతులవి. ఆదివారం ఆ చేతులకు ఆ కూర ముద్ద తగలకపోతే సోమవారం పనికి లేవవని ఇద్దరి నమ్మకం.

వాకిలి ఊడుస్తూ తలెత్తేసరికి హెలెనమ్మ గుమ్మం పైన ఒట్టి మేకు కనిపించింది. దాని మీద ఉండాల్సిన వాగ్దాన పటం లేదు.

కొత్త సంవత్సరం రాత్రి చర్చి ప్రార్థనలో ఇంటికొక బైబిలు వాక్యం ఇస్తారు. దానికి అద్దం కట్టించి గుమ్మం పైన తగిలిస్తే, మళ్ళీ జనవరి దాకా ఆ ఇంటిని ఆ వాక్యమే కాచుకుంటుంది. సున్నాలు వేసేటప్పుడు కూడా దాన్ని దించరు, చుట్టూ వేసుకుంటూ పోతారు. కొండమ్మ ఎరిగినంతలో ఆ పేటలో పటం దించింది ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినవాళ్ళే.

నిన్న సాయంత్రం హెలెనమ్మ గోడ మీదుగా అన్న మాట ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. రేపు రాత్రి బస్సుకు దాచేపల్లి వెళ్తున్నానని, కోళ్ళను కాస్త కనిపెట్టుకోమని. దాచేపల్లిలో హెలెనమ్మ కూతురు ఆరాధన ఉంది. అల్లుడు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఇక్కడ ఒక్కదానివే ఎందుకు, మా దగ్గరికి వచ్చెయ్యమని పోయిన క్రిస్మస్‌కు ఆరాధన తల్లిని అడగడం కొండమ్మ తన చెవులతో విన్నది. అప్పుడు హెలెనమ్మ చూద్దాంలే అంది. చూడడం అయిపోయిందన్నమాట.

కొండమ్మ మెయిన్ రోడ్డు మీద నిలబడి చాలామందిని బస్సు ఎక్కించింది. భర్తను ఆసుపత్రికి ఎక్కించింది. ఆయన తిరుగు బస్సు ఎక్కలేదు. చెల్లెల్ని కనిగిరి అవతలికి కాపురానికి పంపింది. ఆ చెల్లెలు ఇప్పుడు పండగలకు ఫోనులో గొంతుగా మాత్రమే వస్తుంది. అందుకని ఎవరు సంచి సర్దుతున్నా, ఇక వాళ్ళు రారనే కొండమ్మ లెక్కేసుకుంటుంది. వెళ్ళి హెలెనమ్మనే అడగవచ్చు. కానీ అడిగితే అవునంటుందేమో. అడగకపోతే కనీసం సాయంత్రం దాకా అవునని ఎవరూ అనరు.

అరకేజీకని వెళ్ళిన మనిషి రెండు కేజీలు కొట్టమంది. బాబ్జీ కత్తి ఎత్తి ఆపాడు.

"ఏంటి పిన్నీ, చుట్టాలొస్తున్నారా?"

"రావడం కాదురా, ఉన్న మనిషి పోతోంది. మా హెలెనొదిన దాచేపల్లి వెళ్ళిపోతోంది. ఇక రాదు."

బాబ్జీ తోలుతో ఉన్న మంచి ముక్క ఒకటి పైన వేశాడు. ఆమె వెనకాల వరసలో నిలబడ్డవాడు సాల్మన్. ఆ పేట సంఘపెద్ద. ఊళ్ళో ఏ సంగతీ ఏర్పాట్లు లేకుండా జరిగిపోవడం ఆయనకు ఇష్టముండదు. మాంసం కొనుక్కోవడం కూడా మరిచిపోయి పాస్టరుగారింటి వైపు నడిచాడు.

పంది మాంసానికి ఆ రెండు ఇళ్ళకూ ఒకటే కుండ. ఏనాడో ఇద్దరూ తిరునాళ్ళలో కలిసి కొన్నారు. నిప్పు తిని తిని లోపలా బయటా నల్లబడింది. దాన్లో వేరే కూర వండరు, దాన్లో వండే కూర వేరే గిన్నెలో వండరు. అది ఉండేది హెలెనమ్మ వంటపాకలో, ఎండుగడ్డి చుట్టిన కుదురు మీద. హెలెనమ్మ కుళాయి దగ్గరికి వెళ్ళిన సమయం చూసి కొండమ్మ ఆ కుండను చంకన పెట్టుకుని వచ్చేసింది. చెప్పి తేవచ్చు. కానీ చెప్పబోతే ప్రయాణం మాట వస్తుంది. ఆఖరిసారి కదా, వండి ఎదురుగా పెడితే అదే మాట్లాడుతుందిలే అనుకుంది.

ముక్కలకు పసుపు, ఉప్పు, దంచిన అల్లం వెల్లుల్లి, ఈ ఏటి కొత్త కారం పట్టించింది. నూనె వెయ్యలేదు. ఆ కొవ్వే కరిగి కూరకు సరిపోతుంది. మూకుడు బోర్లించి అంచు చుట్టూ తడిపిన పిండి మెత్తి మూసేసింది. పత్తికట్టెతో మంట పెట్టి, కుండ వేడెక్కాక పిడకల నిప్పు మీదికి మార్చింది. ఇక దాన్ని కదపకూడదు, మూత తియ్యకూడదు. ఎండ వాలేదాకా అలా వదిలేస్తే తోలు వెన్నలా అవుతుంది. తొందరపడి తీస్తే పాత చెప్పు నమిలినట్టుంటుంది. కళ్ళలో నీళ్ళు ఆగలేదు. దారిన పోయేవాళ్ళు కొత్త కారం ఘాటనుకున్నారు.

నీళ్ళ బిందెతో వచ్చిన హెలెనమ్మ వంటపాకలో ఖాళీ కుదురును చూసింది.

నిజానికి హెలెనమ్మ ఎక్కడికీ వెళ్ళిపోవడం లేదు. ఎడమ దవడ పన్ను ఒకటి కదులుతూ నెల నుంచి ఆమె ప్రాణం తీస్తోంది. ఆరాధన తోడుంటుందని దాచేపల్లిలో పీకించుకుని, నాలుగు రోజుల్లో వచ్చెయ్యాలనుకుంది. కొండమ్మకు ఆ సంగతి చెప్పకపోవడానికి కారణముంది. పోయినేడు కాలి మీద కురుపు లేచిందని చెబితే, కొండమ్మ కంగారుపడి ఊరూరా ఫోన్లలో గొలుసు ప్రార్థన పెట్టించింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు గుంటూరు నుంచి ఫోన్ చేసి కురుపు ఎలా ఉందని అడిగారు. ఇక పటం సంగతి. మొన్న కోడిపుంజు గుమ్మం పైకి ఎగిరి దాన్ని కింద పడేసింది, అద్దం పగిలింది. వాగ్దానం పగిలిందని తెలిస్తే కొండమ్మ వారం రోజులు నిద్రపోదని, గుట్టుగా తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుంది. దాచేపల్లిలోనే కొత్త అద్దం వేయించుకు రావాలని ఆమె ఆలోచన.

కొండమ్మను ఇంత కాచుకుంటున్న తనకు, కుండ కొండమ్మ పొయ్యి దగ్గర ఉండడం గోడ మీదుగా కనిపించింది. ఊరెళ్తానంటే అప్పుడే సామాను మోసుకుపోవడమేమిటి? అడగాలనుకుంది. కానీ తన కుండ గురించి తను అడుక్కోవడమేమిటని ఊరుకుంది.

హెలెనమ్మ కోపం మామూలు కోపం కాదు. కోపం వస్తే ఆమె అరవదు, ఎదురు చెప్పదు. ఎదుటివాళ్ళు ఏం చెబితే అది తు.చ. తప్పకుండా చేస్తుంది. ఆ పేటలో అందరూ భయపడేది దానికే.

చర్చిలో వాక్యం అయ్యాక పాస్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మన మధ్య ఇన్నేళ్ళు మెలిగిన హెలెనమ్మగారు నేడు మనల్ని విడిచి దాచేపల్లిలో స్థిరపడబోతున్నారని, ప్రయాణంలోనూ కొత్త చోటులోనూ ఆమెకు తోడుండమని దీర్ఘంగా ప్రార్థించారు. ఎవరు ఎవరిని విడిచిపోతున్నారో హెలెనమ్మకు అర్థం కావడానికి ఆమేన్ దాకా పట్టింది. అప్పటికే స్త్రీల సమాజంవాళ్ళు మంగళగిరి చీర ఒకటి ఆమె ఒళ్ళో పెట్టేశారు. సాల్మన్ అప్పటికప్పుడు బీరువాలోంచి తీయించిన చీర అది. పాస్టరమ్మకు పుట్టినరోజున ఇద్దామని దాచింది.

పక్క వరసలో కొండమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. హెలెనమ్మ ఆమె వైపు చూసింది. ముందు నా కుండ తీసుకుపోయింది. తర్వాత ఊరంతటికీ నేను వెళ్ళిపోతున్నానని చెప్పింది. ఇప్పుడు ఏడుస్తోంది కూడా. నేను పోవాలని ఇంత కోరిక ఉంటే పోతాను. ఎందుకు పోను? లేచి, చీర కళ్ళకద్దుకుని, అందరికీ వందనాలు చెప్పింది.

ప్రార్థనలు ముగిసేసరికి సాల్మన్ హెలెనమ్మ వాకిట్లో ఆటో పెట్టించాడు. ఆటో శివరామకృష్ణది. మెయిన్ రోడ్డు దాకా చేతిసంచి ఒకటి దింపాలని అతనితో చెప్పారు. సాల్మన్ తలపాగా చుట్టి లోపలికి వెళ్ళి ఒక్కో సామానూ అడగడం మొదలుపెట్టాడు.

"అక్కా, మంచం ఎక్కించమంటావా?"

"ఎక్కించు," అంది హెలెనమ్మ.

"రోలు?"

"అదేం పాపం చేసింది? ఎక్కించు."

"కోళ్ళ గంప?"

ఆమె గంప వైపు చూసింది. కోళ్ళను కనిపెట్టుకోమని కొండమ్మకు చెప్పినది తనే. "ఎక్కించు," అంది.

శివరామకృష్ణ ఆటో చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. ఇంకొక్క చెంబు ఎక్కినా బండి దాచేపల్లి బస్సుకు కాదు, మెకానిక్కు దగ్గరికి వెళ్తుందన్నాడు. సాల్మన్ వినలేదు. పైగా ఇంత సామానుతో రాత్రి బస్సు ఎక్కనివ్వరని, మధ్యాహ్నం బస్సు కండక్టరు తనకు తెలిసినవాడని, వెంటనే బయలుదేరాలని తేల్చాడు. ఈలోపు పాస్టరుగారు వచ్చి, ఖాళీ అయిన ఇంట్లో సండేస్కూలు పెట్టుకుంటే ఎలా ఉంటుందని మెల్లగా అడిగారు. హెలెనమ్మ తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టింది.

కొండమ్మకు అంతదాకా ఇది కల అయితే బాగుండునన్న ఆశ ఉంది. తాళంచెవి చేతులు మారడం చూశాక అదీ పోయింది. ఒక్క పరుగున తన పొయ్యి దగ్గరికి వెళ్ళి, మాసిన గుడ్డతో కుండను పట్టుకుని, ఆటోకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"తిని పోవాలి," అంది.

సాల్మన్ గడియారం చూశాడు. "ఉడికిందా?"

"ఇంకా లేదయ్యా, సాయంత్రానికి గానీ కాదు."

"అయితే మూత తియ్యకు. దారిలో ఉడుకుతుందిలే, ఎండ అలా ఉంది."

కొండమ్మ ఆయన వైపు చూడలేదు. కుండను హెలెనమ్మ ముందు, ఆటో పక్కన రోలు మీద దించింది. సాల్మన్ మోయలేక వదిలేసిన రోలు అది.

"నీకోసమే పెట్టా వదినా. చెప్పకుండా తీసుకొచ్చా, చెప్పాలంటే నోరు రాలేదు. కుండ నీదే. మూత నువ్వే తియ్యి."

ఆటోలో మంచానికీ కోళ్ళ గంపకూ మధ్య ఇరుక్కుని కూర్చున్న హెలెనమ్మ కుండను చూసింది. అంచు చుట్టూ పిండి ఎండి పగుళ్ళిచ్చింది. పొద్దుటి నుంచి ఆమె మనసులో పేర్చుకున్న మాటలన్నీ ఒకదాని మీద ఒకటి కూలాయి. కానీ కోపం వెంటనే దిగితే అది హెలెనమ్మ కోపం కాదు. కిందికి దిగి, పిండి గీరి, మూకుడు ఎత్తింది. ఆవిరి మొహానికి కొట్టింది. అందరూ చూస్తుండగా తోలుతో ఉన్న పెద్ద ముక్క తీసుకుని, ఉడకలేదని తెలిసి కూడా, కావాలనే ఎడమ దవడన పెట్టి గట్టిగా కొరికింది.

ముక్క తెగలేదు. హెలెనమ్మ కళ్ళు మూసుకుంది. మరోసారి కొరికి లాగింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత చెయ్యి చాపింది. అరచేతిలో పన్ను ఉంది.

కొండమ్మ పెట్టిన కేకకు కోళ్ళు గంపలోంచి లేచాయి.

"అరవకే," అంది హెలెనమ్మ, నోట్లో గుడ్డ పెట్టుకుని. నెల రోజుల్లో మొదటిసారి ఆమె మొహం తేటపడింది. "దీన్ని పీకించుకోవడానికే దాచేపల్లి పోతున్నా. నాలుగు రోజులకి. చెబితే గుంటూరు నించి ఫోన్లు వస్తాయని చెప్పలేదు."

కొండమ్మ గుమ్మం వైపు చెయ్యి చూపించింది. "మరి పటం? మేకు ఖాళీగా ఉందిగా?"

హెలెనమ్మ ఆటోలోంచి సంచి లాగి, తువ్వాలు విప్పి, పగిలిన అద్దంతో పటాన్ని చూపించింది. లోపల వాక్యం చెక్కుచెదరకుండా ఉంది. ఆ పగుళ్ళు చూసి కొండమ్మకు నిద్రపట్టదని ఆమె భయపడింది. కొండమ్మ అవేవీ చూడలేదు. వాకిట్లో చతికిలబడి, కొంగు తల మీద కప్పుకుని, నవ్వుతోందో ఏడుస్తోందో ఎవరికీ తెలియకుండా ఊగిపోయింది.

"ఎందుకు అడగలేదే నన్ను?" అంది హెలెనమ్మ.

"అవునంటావని."

హెలెనమ్మ ఆమె పక్కనే కూర్చుంది. "నా కుండ ఎత్తుకుపోతే నేను మాత్రం అడిగానా," అంది.

సామాను దించే ఏర్పాట్లు కూడా సాల్మనే చూశాడు. అవి ఎక్కించే ఏర్పాట్ల కన్నా బాగా జరిగాయి. బండి కదలకుండానే పూర్తయిన బాడుగ తన జీవితంలో ఇదే మొదటిదని శివరామకృష్ణ అందరికీ చెప్పుకున్నాడు. పాస్టరుగారు తాళంచెవి తిరిగి ఇచ్చారు. చీర గురించి మాత్రం ఎలా అడగాలో ఆయనకు తోచలేదు. హెలెనమ్మే, ఉంచుకుంటాను లెండి, నేను నిజంగా పోయినప్పుడు కప్పుదురు గాని, అంది. ఆ మాటకు కొండమ్మ ఆమె వీపు మీద ఒక్కటి వేసింది.

కుండకు మళ్ళీ పిండి మెత్తి పొయ్యి మీదికి పంపారు. ఎండ వాలాక తీస్తే తోలు వేలితో నొక్కితేనే విడిపోయింది. పన్ను లేని వైపున కూడా హెలెనమ్మకు అడ్డం రాలేదు. పగిలిన పటం అలాగే మేకు మీదికి ఎక్కింది. ఆ రాత్రి కొండమ్మ హాయిగా నిద్రపోయింది.

మరుసటి ఆదివారం ఆమె మళ్ళీ రెండు కేజీలు అడిగితే, బాబ్జీ కత్తి పక్కన పెట్టి, ఈసారి వెళ్ళిపోయేదెవరని అడిగాడు.