సురంగల్‌కు వచ్చిన ఈ-పేపర్ బోర్డు

"బస్సు కోసం ఎదురుచూడడమనే దురాచారం నేటితో అంతం!" అని రాష్ట్ర సమాచార ఫలకాల మండలి చైర్మన్ జైపాల్ గారు సురంగల్ బస్‌స్టాప్‌లో ప్రకటించినప్పుడు విలేకరిగా నేనక్కడే ఉన్నాను. ఒళ్లు పులకరించింది.

ఆ ఊరికి బస్సు ఆగిపోయి మూడేళ్లయింది. గంపతో రెండు ఆటోలు మారి చేవెళ్ల మార్కెట్ చేరేసరికి కొత్తిమీర వాడిపోతున్నదని కూరగాయలమ్మే సాలమ్మ ఆరుసార్లు అర్జీ పెట్టింది. ఏడో అర్జీకి చైర్మన్ గారి మనసు కరిగింది. బోర్డు తెచ్చారు.

అది ఫ్లెక్సిబుల్ ఈ-పేపర్, అంటే కాగితంలా వంగే ఎలక్ట్రానిక్ తెర. తయారుచేసిన ఇంజినీరు అఖిల దాన్ని చాపలా చుట్టి, మళ్లీ విప్పి చూపించింది. "అక్షరాలు మార్చేటప్పుడే కరెంటు కావాలె. తర్వాత కరెంటు తీసేసినా రాసింది పోదు."

బోర్డు మీద 'చేవెళ్ల బస్సు: 4 నిమిషాలు' అని వచ్చింది. చప్పట్లు మోగాయి. సాలమ్మ గబగబా గంప తెచ్చుకుని నిలబడింది.

అరగంట గడిచింది. "సారూ, నాలుగు నిమిషాలు గింత పొడుగుంటయా?"

"ఫ్లెక్సిబుల్ బోర్డు కదవ్వా, నిమిషాలు జర సాగుతయి" అన్నారు చైర్మన్ గారు.

అఖిల నసిగింది. "సార్, అది నమూనాకు పెట్టిన. బస్సుల నుంచి సిగ్నలొస్తేనే టైం మారుతది."

"మరెందుకొస్తలేదు?"

"బస్సు లేదు సార్."

"గట్ల నెగెటివ్‌గా మాట్లాడొద్దమ్మా."

సాయంత్రం ఆయన అదే బోర్డును చుట్టి చంకన పెట్టుకుని పక్క ఊళ్లో ప్రారంభించారు. వారంలో తొమ్మిది ఊళ్లు, తొమ్మిది రిబ్బన్లు, ఒకటే బోర్డు. వంగే గుణాన్ని ఇంత లోతుగా అర్థం చేసుకున్న నాయకుణ్ణి నేను చూడలేదు.

సాలమ్మ ఆడవాళ్లను వెంటేసుకుని చేవెళ్లలో ఆయన కారుకు అడ్డం నిలబడింది. "బోర్డు నువ్వే ఉంచుకో సారూ. మాకు బస్సియ్యి."

"బుధవారం పొద్దుగాల ఏడింటికి బస్సొస్తది. ఫికర్ చెయ్యకు."

నిజంగానే వచ్చింది, ఒక్క నిమిషం ఆలస్యం లేకుండా. సాలమ్మ ముందు సీట్లో కూర్చుని, గంపను ఒళ్లో పెట్టుకుని, కిటికీ రెక్కను రెండుసార్లు తెరిచి మూసింది. వెనక సీట్లో నేనున్నాను. బస్సు చేవెళ్ల చేరింది. ఆగలేదు.

"ఆపు బిడ్డా! మార్కెట్ దాటిపోయింది!"

పార్టీ కార్యకర్త యాదయ్య అందరికీ టోపీలు పంచుతున్నాడు. "మార్కెట్‌కు కాదవ్వా. చందనవెల్లిల సభ ఉన్నది, పదో బోర్డు. చప్పట్లు కొట్టనీకె మిమ్మల్ని తీస్కపోతున్నం."

సభలో చైర్మన్ గారు సాలమ్మను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. "చెప్పవ్వా, బస్సు టైంకు వచ్చిందా, లేదా?"

"వచ్చింది సారూ, గని..."

అక్కడ మైకు తీసేసుకున్నారు. నా వార్తకు ఆ మొదటి రెండు మాటలే శీర్షికగా పెట్టాను.