నూకయ్య గారి ఎడారి అనుభవం

ఆ ఆదివారం పొద్దున్న నూకయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఖరిదా బజారుకి వెళ్ళి కాసిని రొయ్యలు తెచ్చుకోవడం, తలంటు పోసుకుని తినడం, సాయంత్రం దాకా ఒళ్ళెరగకుండా పడుకోవడం. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో వారమంతా లేతు మెషిను ముందు నిలబడే మనిషికి ఆదివారంనాడు అంతకన్నా పెద్ద కోరికలు పుట్టవు. సంచీ పుచ్చుకుని గడప దాటుతుండగా వాళ్ళ క్వార్టరు ముందు కారు హారను మోగింది. ట్రాఫిక్ సెటిల్‌మెంటు రైల్వే కాలనీలో ఆ సందులోకి కారు రావడం అదే మొదలు. చుట్టుపక్కల కిటికీలన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి.

దిగినవాడు నూకయ్య భార్య సింహాచలమ్మకి అన్న, గణపతిరావు. కలకత్తాలో రైల్వే ఆఫీసు గుమాస్తా. ఈమధ్యనే పాత కారొకటి కొన్నాడు. అప్పట్నించీ ఆదివారం వస్తే ఊళ్ళో నిలవడు. ఓ వారం డైమండ్ హార్బరు, ఓ వారం బండెల్. ముందురోజు సాయంత్రం ఈ ఊళ్ళోనే ఇందా పేటలో తల్లి జోగమ్మ ఇంట్లో దిగాడు. ఇప్పుడు ఆ జోగమ్మ వెనక సీట్లో పులిహోర గిన్నె ఒళ్ళో పెట్టుకుని, మీద శాలువా కప్పుకుని కూర్చుని ఉంది.

"బావా! వేగిరం తెములు. ఎడారికెల్తన్నాం," అన్నాడు గణపతిరావు.

"ఎడారా? ఇప్పుడా?"

"అసలు ఎడారి దసరా పూజా సెలవులకి. ఈ కారు మీదే జోధ్‌పూర్ దాకా! ఇయ్యాళ దానికి రిహార్సలు. దాంతన్ అవతల సువర్ణరేఖ ఉంది కదా. మాఘమాసంలో ఏరు ఓ పక్కకి సన్నబడిపోద్ది, మిగతాదంతా ఇసకే. నువ్వు పక్కన కూకుని ఎలా తోలాలో సెప్పు. ఎడారిలో జీపు నడిపినోడివి నువ్వుండగా నాకేటి బెంగ?"

నూకయ్య చేతిలోంచి సంచీ జారిపోయింది.

ఆ జీపు సంగతి ఇదీ. కిందటేడు నూకయ్యని నాలుగు నెలలు జోధ్‌పూర్ పంపారు. ఇక్కడ ఏ మెషిను ముందు నిలబడేవాడో అక్కడా అలాంటి మెషిను ముందే నిలబడ్డాడు. ఎడారిని రైల్లోంచి చూశాడు, అదీ కళ్ళలో దుమ్ము పడుతోందని కిటికీ మూసేసేదాకా. తిరిగొచ్చాక ఓరోజు అత్తగారింట్లో భోజనాల దగ్గర జోగమ్మ "ఎడారి సూసినావా బాబూ?" అని అడిగింది. పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఆవిడ అల్లుణ్ణి పలకరించి ఓ ప్రశ్న అడగడం అదే మొదలు. ఆ ఆనందంలో నూకయ్య నోట్లోంచి ముందు ఇసకదిబ్బలు వచ్చాయి, తర్వాత వాటి మీద జీపు వచ్చింది, చివరికి జీపులో స్టీరింగు పట్టుకుని తానే వచ్చాడు. ఆనాటినుంచి ఆ ఇంట్లో చేప తలకాయ అతని కంచంలోనే పడుతోంది.

ఆ తలకాయని తలుచుకుని నూకయ్య ఆకాశం వంక చూశాడు. "గాలి బాగులేదు బావా. ఇసకలో దిగేముందు గాలి సూసుకోవాల."

"అయితే మానేద్దామా?" అన్నాడు గణపతిరావు వెంటనే.

జోగమ్మ కారులోంచి తల బయటపెట్టింది. "సూసినావేటి, మా అల్లుడు గాలి సూసి సెప్పేస్తాడు! మంచి గాలేదో తెలిసినోడికి సెడ్డగాలిలో ఎలా పోవాలో తెలీదేటి? ఎక్కండెక్కండి."

ఎక్కారు. దారిలో బేల్దా దాటాక సింహాచలమ్మ "ఏటండీ, జీపుకి ఎన్ని గేర్లుంటాయి?" అని మెల్లగా అడిగింది. సైకిలెక్కినప్పుడల్లా గోడ పట్టుకుని దిగే మొగుణ్ణి ఆవిడ పదిహేనేళ్ళుగా చూస్తూనే ఉంది. "ఇసకని బట్టి ఉంటాయి," అన్నాడు నూకయ్య.

ఏటి గట్టు మీద గణపతిరావు కారు ఆపాడు. ఎదురుగా ఎండలో తెల్లగా ఇసక, ఎక్కడో అవతల సన్నటి నీళ్ళ గీత. అతను నూకయ్య చెయ్యి పట్టుకున్నాడు. "బావా, ఉన్నదున్నట్టు సెప్పు. ఈ కారు ఇందులో ఎల్తాదా? ఎల్లదంటే ఎల్లదనేయ్. నేనేటీ అనుకోను."

వెనక సీట్లో జోగమ్మ ముందుకి వంగింది. ఆవిడ ఊపిరి నూకయ్య మెడకి తగులుతోంది.

"ఎందుకెల్లదు!" అన్నాడు నూకయ్య. "అక్కడ ఇంతకన్నా డొక్కు బళ్ళెల్తాయి. ఆగకుండా తోలాల, అంతే."

గణపతిరావు నిట్టూర్చి గేరు వేశాడు. కారు ఇసకలోకి దిగింది. కొంతదూరం వెళ్ళాక వరసగా చిన్నచిన్న గడ్డి గూళ్ళు కనిపించాయి. "అవేటి బావా?" అని గణపతిరావు అడిగితే, "దారి గుర్తులు. వాటెంబడే పోనీ," అన్నాడు నూకయ్య. కారు వాటి వెంబడే పోయింది, కొన్నిటి మీదుగా కూడా పోయింది. ఆ తర్వాత ఓ పక్కకి ఒరిగి, మూలిగి, వెనక చక్రాలు సగందాకా దిగబడి ఆగిపోయింది.

"ఎడారిలోనైతే ఇప్పుడేటి సేస్తారు?" అన్నాడు గణపతిరావు.

"బరువు తగ్గిస్తారు." జోగమ్మని దింపారు. పులిహోర దింపారు. స్టెప్నీ దింపారు, సీట్లు కూడా ఊడదీసి ఇసకలో వేశారు. జోగమ్మ ఆ సీటు మీద మహారాణిలా కూర్చుంది. కారు కదల్లేదు. "సక్రాల కింద తవ్వాల," అన్నాడు నూకయ్య. బావాబావమరుదులిద్దరూ పులిహోర గిన్నె మూతతో ఒకరూ, వట్టి చేతులతో ఒకరూ తవ్వారు. మోచేతి లోతు తవ్వేసరికి చెమ్మ తగిలింది. ఇంకాస్త తవ్వేసరికి నీళ్ళు ఊరాయి. కారు ఆ నీళ్ళలోకి హాయిగా ఇంకో జానెడు దిగింది.

జోగమ్మ వంగి చూసింది. "ఎడారిలో ఇన్ని నీళ్ళుంటాయేటి బాబూ?"

"ఒక్కోచోట ఉంటాయత్తా. దాన్ని ఒయాసిస్సంటారు," అన్నాడు నూకయ్య, మొహం తిప్పుకుని.

"సక్రాల కింద గుడ్డ ఎయ్యాల" అనే సలహా కూడా అతనిదే. మరో మందపాటి గుడ్డ లేక జోగమ్మ శాలువా వేశారు. గణపతిరావు ఇంజను స్టార్టు చేయగానే చక్రం ఆ శాలువాని లోపలికి లాక్కుని, ఇరుసుకి చుట్టుకుని, ఇక తిరగనని మొరాయించింది. సరిగ్గా అప్పుడే గట్టు మీంచి ఓ ముసలాయన కర్ర ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. దూరంనుంచే అరుస్తున్నాడు.

"ఏటంటన్నాడు?" అంది సింహాచలమ్మ.

"మనల్ని సూసి సంతోషిస్తన్నాడు," అన్నాడు నూకయ్య.

ఇందాలో ముప్ఫయ్యేళ్ళుగా ఉంటున్న జోగమ్మకి బెంగాలీ బాగా వచ్చు. "సంతోషమేటి బాబూ! అయ్యి పుచ్చకాయ మొక్కలట. మంచు పడకుండా వాటిమీద గడ్డి కప్పినాడట. మనం తొక్కేసినామట."

ముసలాయన కారు చుట్టూ తిరిగి, ఇసకలో పడున్న సీట్లూ పులిహోరా చూసి, కోపం మరిచిపోయి అడిగాడు. "కోథాయ్ జాబెన్?" ఎక్కడికి వెళ్తున్నారూ అని.

"రాజస్థాన్!" అంది జోగమ్మ గర్వంగా.

ముసలాయన ఏటివంకా, కారువంకా మార్చిమార్చి చూశాడు. "ఎయ్ దికే?" అన్నాడు. ఇటువైపు నుంచా!

చివరికి రాజీ కుదిరింది. తొక్కిన మొక్కల చోట కొత్త గుంటలు తవ్వి, నారు పెట్టి, నీళ్ళు పోస్తే, ఆయన దున్నపోతుల్ని తెచ్చి కారు లాగిస్తాడు. జోగమ్మ ఆయనతో పిచ్చాపాటీలో పడింది. సింహాచలమ్మ నారు అందిస్తోంది. మగవాళ్ళిద్దరూ నెత్తిన తువ్వాళ్ళు చుట్టుకుని గుంటలు తవ్వుతున్నారు. ఆఖరి గుంట దగ్గర నూకయ్యకి గుండెలోది నోట్లోకి వచ్చేసింది.

"బావా, నేనెప్పుడూ జీపు నడపలేదు. జీపెందుకు, నాకు సైకిలే సరిగ్గా రాదు. ఎడారిలో కాలే పెట్టలేదు."

గణపతిరావు ఇసకలో చతికిలబడ్డాడు. "ఆ ముక్క పొద్దున్న సెప్పడానికేటయింది నీకు! కారు మీద ఎడారికెల్తానని ఆఫీసులో గొప్పకి కూసేసినాను. అమ్మతోనూ అనేసినాను. నాకు హౌరా బ్రిడ్జి మీదే కాళ్ళు వణుకుతాయి బావా! ఎడారి తెలిసిన మనిషి ఒక్కమాట 'ఈ కారు పనికిరాదు' అంటే పరువుగా తప్పుకుందామనే కదా నీ దగ్గరికొచ్చినాను. గట్టు మీద నీ కాళ్ళట్టుకోడం ఒక్కటే తక్కువ. నువ్వేమో ఎందుకెల్లదంటావు!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత నవ్వు ఆగలేదు. నూకయ్య కళ్ళు తుడుచుకుని లేచాడు. "ఇంకా మించిపోలేదు. ఇప్పుడే సెప్తాను, ఉండు."

దున్నపోతులు కారుని గట్టెక్కించాయి. సైలెన్సరు మాత్రం ఏట్లోనే ఉండిపోయింది. ముసలాయన ఇచ్చిన మరమరాలు నములుతున్న జోగమ్మ ముందు నూకయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అత్తా, నా అనుభవమ్మీద సెప్తన్నాను. ఈ కారు ఎడారికి పనికిరాదు."

గణపతిరావు తల వంచుకుని, ఎంతో బాధపడుతున్నవాడిలా ఊపిరి వదిలాడు.

"నేనూ అదే అనుకుంటన్నాను బాబూ," అంది జోగమ్మ. "నువ్వు సెప్పినావు కాబట్టి ఇంకేటి సందేహం? కారెందుకు, నీకు రైల్వే పాసుంది కదా. పూజలకి అందరం రైలు మీదే పోదాం. అక్కడ దిగినాక జీపు నువ్వే తోలుదువుగాని."

మర్నాడు డ్యూటీ దిగగానే నూకయ్య ఖరిదాలో డ్రైవింగు నేర్పేవాళ్ళెవరైనా ఉన్నారా అని వాకబు చేశాడు. తన కోసం కాదు, ఎవరో స్నేహితుడి కోసమని చెప్పాడు.