నాలుగు వందల పన్నెండో శబ్దం

బిలాస్‌పూర్ నెహ్రూ నగర్ మూడో వీధివాసులు అదృష్టవంతులని ముందుగా మనవి. పైపుల కోసం తవ్విన వీధిని రెండు వానాకాలాలుగా ఎవరూ పూడ్చలేదు. కాబట్టి ఎలాంటి నేల మీదైనా నడిచే బండి కొనడానికి దేశంలో ఇంతకంటే తగిన చోటు లేదు. బొగ్గు కంపెనీలో పెద్ద అధికారి అయిన నాగభూషణంగారు ఆ సంగతి గ్రహించి, కొనేశారు.

దానికి నాలుగు లావుపాటి చక్రాలు. బండ, ఇసుక, బురద, వాగు, దేన్నీ లెక్కచేయదు. పోర్టికోలో దాన్ని ఆయన రోజూ తెల్లటి తువ్వాలుతో తుడుస్తారు. పక్కనే స్టాండు మీద ఎలక్ట్రానిక్ కీబోర్డు: అరవై ఒక్క మెట్లు, ఆరు వందల శబ్దాలు. వీణ, వయొలిన్, వాన, హెలికాప్టరు అన్నీ అందులోనే ఉన్నాయి. వాయించడం ఒక్కటే దానితోపాటు రాలేదు.

ఎదురింటి త్రినాథరావు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. సాయంత్రాలు ఈ రెండు యంత్రాల గుణగణాలను చెవులారా విని, ఇంటికెళ్లి తన పాత సైకిలును చూసి సిగ్గుపడేవాడు.

శ్రావణంలో ఓ ఉదయం అతని భార్య కనకమహాలక్ష్మి గేటు ముందు జారిపడింది. పిలిచిన ఆటో బురద చూసి మెయిన్ రోడ్డు మీదే ఆగిపోయింది. త్రినాథరావు ఎదురింటికి పరిగెత్తాడు.

“సార్, మా ఇంటిది జారి పడిపోనాదండీ. కాలు ఇరిగినట్టుంది. ఓపాలి మీ బండి తీస్తే...”

“దానికేం! మోకాల్లోతు బురదలో కూడా ఆగదండీ మన బండి,” అన్నారు నాగభూషణంగారు ఉత్సాహంగా. ఇంజను శక్తి, చక్రాల పట్టు, నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు, అన్నీ పావుగంట వివరించారు. తర్వాత వీధిలోకి చూసి గతుక్కుమన్నారు. “కాని త్రినాథరావుగారూ, బయటంతా బురదగా ఉంది కదా!”

త్రినాథరావుకి ఆ మాట సబబుగానే తోచింది.

కనకమహాలక్ష్మిని కుర్చీలో కూర్చోబెట్టి ఇరుగుపొరుగువాళ్లు నలుగురు మెయిన్ రోడ్డు మీది ఆటో వైపు మోసుకెళ్లారు. ఆపదలో చేతులు ముడుచుకు కూర్చునే రకం కాదు నాగభూషణంగారు. కీబోర్డును బాల్కనీలోకి తెప్పించి, వాల్యూము పూర్తిగా పెంచి, నాలుగు వందల పన్నెండో శబ్దం నొక్కారు. అంబులెన్సు సైరను.

“ఏటండీ, అంబులెన్సు వచ్చేసిందా?” అని ఆశగా మెడ తిప్పింది కనకమహాలక్ష్మి.

“లేదే. సార్ వాయిస్తన్నారు.”

“అచ్ఛా,” అని ఆమె కళ్లు మూసుకుంది.

దారిలో రెండు గేదెలు పక్కకి తప్పుకున్న మాట నిజం.

పదిహేనో రోజున ఆ పోర్టికోలోనే సభ జరిగింది. ఆపత్కాలంలో శబ్దసహాయం చేసినందుకు నాగభూషణంగారికి సన్మానం. శాలువా కనకమహాలక్ష్మి చేతనే కప్పించారు. ఆమె సిమెంటు కట్టుతో, ఒంటికాలి మీద నిలబడి కప్పింది. “ఏ యంత్రమైనా ప్రజల కోసమే!” అన్నారాయన గద్గదస్వరంతో. వీధి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

సభ చివర త్రినాథరావు, వీధి పూడ్పించాలని రాసుకొచ్చిన అర్జీ తీసి సంతకాలు అడిగాడు. సరిగ్గా అప్పుడే, బండి మీద కూర్చుని ఎవరైనా ఫొటో దిగవచ్చని మైకులో ప్రకటించారు. జనమంతా అటు వరస కట్టారు. ఒక్క సంతకమున్న కాగితంతో అతనొక్కడే మిగిలాడు. ఆ సంతకం అతనిదే.

“ఏటండీ, అలా నిలబడిపోనారు?” కనకమహాలక్ష్మి కసిరింది. “లైను పెరిగిపోతంది!”

త్రినాథరావు అర్జీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. భార్య రెక్క పట్టుకుని మెల్లగా నడిపించుకుంటూ వెళ్లి, ఇద్దరికీ చోటు పట్టాడు.