పోట్లాటకు రిహార్సల్

పెళ్లయి నలభై రోజులైంది. శోకరాజుకి ఒక్క కన్నీటి బొట్టు కూడా రావట్లేదు. అదీ సమస్య.

శోకరాజు అన్నది స్నేహితులు తగిలించిన పేరు. మనిషి గిటారు వాయిస్తాడు, పాటలు కడతాడు, పాడతాడు. డ్రమ్ములు కొట్టేవాడి పేరు దడదడ. తను నోరు తెరిస్తే వాన పడుతుందేమోనన్నట్టు ఉండే బేస్ గిటారువాడి పేరు గమ్మున. ఏ కంపెనీ అండా లేకుండా, సైకిల్ రిపేరు షాపు మీది గదిలో ముగ్గురూ సొంతంగా నడుపుకుంటున్న బ్యాండు వాళ్లది. పేరు దగ్గర మాట కుదరక మొదటి కచేరీ పోస్టరు మీద 'పేరు తర్వాత చెబుతాం' అని వేశారు. మూడేళ్లయింది. ఇప్పుడు అదే వాళ్ల పేరు.

వాళ్ల పాటలన్నీ విరహమే. వినేవాళ్లు రుమాళ్లు తెచ్చుకుని మరీ వస్తారు. ఎవరికి ఏ రాగం తట్టినా ఫోన్‌లో రికార్డు చేస్తే చాలు, దానంతటదే అందరి ఫోన్లకీ చేరిపోతుంది. ఆ ఏర్పాటుకి 'అటక' అని పేరు పెట్టుకున్నారు. మూడేళ్ల కూనిరాగాలన్నీ అటక మీదే ఉన్నాయి.

ఆదివారం మొదటి ఆల్బం రికార్డింగు. ఆరు పాటలు కావాలి, అయిదే ఉన్నాయి. ఆరోది సిద్ధంగా లేకపోతే ఆ రోజు వేరే బ్యాండుకి ఇచ్చేస్తామని స్టూడియోవాళ్లు ముందే చెప్పేశారు. మళ్లీ ఖాళీ దొరికేది ఆరు నెలలకి.

ఆ ఆరో పాట శోకరాజు రాయాలి. రాస్తున్నాడు కూడా. సోమవారం, భార్య టీ ఊదుకునే తీరు మీద రాశాడు. మంగళవారం, కిటికీలోంచి దిగొచ్చి ఆమె దిండు మీద కూర్చునే ఎండ మీద. బుధవారం, ఆమె తుమ్ము మీద రెండు చరణాలు.

"ఇవి పాటలు కావన్నా, శుభలేఖలు," అన్నాడు దడదడ. "మనకి ఏడుపు కావాలి. వదినతో ఒక్కసారైనా పోట్లాడావా?"

"దేనికి పోట్లాడాలిరా?"

"అదే నీ రోగం."

గమ్మున నిట్టూర్చాడు. అతనికి అది వారానికి సరిపడా ప్రసంగం.

ఇంటికొస్తూ శోకరాజు పథకం వేశాడు. రేపు గురువారం, ఆమెకి సెలవు. పొద్దున్నే ఒక చిన్న పోట్లాట. ఆమె అలిగి రెండు వీధుల అవతలున్న అక్క దగ్గరికి వెళుతుంది. ఖాళీ ఇంట్లో తను కుమిలిపోయి పాట రాసేస్తాడు. మధ్యాహ్నానికల్లా బతిమాలి తీసుకొచ్చేస్తాడు.

పోట్లాట అలవాటు లేని మనిషి కదా, రిహార్సల్ కావాలి. బాత్రూంలో తలుపేసుకున్నాడు. అక్కడ గొంతు ఖంగుమంటుంది. అతని రాగాలన్నీ పుట్టింది అక్కడే. అలవాటు కొద్దీ ఫోన్‌ని సబ్బుపెట్టెలో నిలబెట్టి రికార్డు నొక్కాడు.

"తడి తువ్వాలు మళ్లీ కుర్చీ మీదేనా?" లావు గొంతుతో అన్నాడు. గొంతు సన్నం చేసి, "ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నానా?" అని ఆమె బదులు తనే జవాబిచ్చాడు.

"ఆరేయడం కూడా చేతకాదా?"

"అయితే మా అక్క దగ్గరికి పోతా!"

"పో!"

ఈ 'పో' దగ్గర ఇరుక్కున్నాడు. ఎనిమిదిసార్లు అన్నాడు. ఎనిమిదిసార్లూ 'పో' వెనకాలే 'వద్దులే' కూడా వచ్చేసింది.

మర్నాడు పొద్దున ఆమె తల ఆరబెట్టుకుంటూ హాల్లోకి వచ్చింది. కళ్లజోళ్ల షాపులో కళ్లు పరీక్షించే ఉద్యోగం ఆమెది. వంటింటి గోడకి పాత అక్షరాల అట్ట ఒకటి తగిలించి, రోజూ టీ ఇచ్చే ముందు అతని చేత చివరి వరుస చదివిస్తుంది. తప్పు చదివితే దగ్గరికొచ్చి చూడనిస్తుంది. అందుకే అతను రోజూ తప్పు చదువుతాడు.

శోకరాజు గొంతు సవరించుకున్నాడు. "తడి తువ్వాలు మళ్లీ కుర్చీ మీదేనా?"

అన్నాక చూశాడు. కుర్చీ మీదున్న తువ్వాలు అతనిదే.

ఆమె తువ్వాలు వంక చూసింది, అతని వంక చూసింది, నడుం మీద చేతులేసుకుంది. "ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నానా?"

శోకరాజు పొంగిపోయాడు. అక్షరం పొల్లుపోలేదు! మనసులో మాట ఇలా పట్టేసే భార్య ఎంతమందికి దొరుకుతుంది?

"ఆ... ఆరేయడం కూడా చేతకాదా?"

"అయితే మా అక్క దగ్గరికి పోతా!"

"పో..."

ఆమె ఆగింది. "వెనకాల ఇంకేం అనవా?"

అతను పెదవి కొరుక్కుని 'వద్దులే'ని మింగేశాడు.

"సరేనండీ. వెళ్లొస్తానండీ," అని సూట్‌కేసు తీసుకుని వెళ్లిపోయింది.

నలభై రోజులుగా 'నువ్వు' అన్న మనిషి నోట రెండు 'అండీ'లు! శోకరాజు గుండె జారి అరికాళ్లలో పడింది.

గిటారు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దిండు మీద ఎండ ఒక్కతే కూర్చుని ఉంది. ఆమె సగం తాగిన టీ మీద మీగడ కట్టింది. అక్షరాల అట్ట చదవబోయాడు. చివరి వరుస కాదు కదా, మొదటి వరుస కూడా అలుక్కుపోయింది. వచ్చేశాయి! కన్నీళ్లు వచ్చేశాయి! రాసుకోవాలి కదా? కానీ చెయ్యి కలం వైపు పోలేదు, కాళ్లు చెప్పుల్లోకి పోయాయి.

వదినగారి ఇంటికి పరిగెత్తాడు. ఆవిడ తలుపు సగమే తీసింది. "మా చెల్లి రాలేదే, మరిదిగారూ. ఇంతకీ తువ్వాలు ఆరేసే వచ్చారా?"

"మీకెలా తెలుసు?"

తలుపు పడింది. వెనకాల నవ్వు.

పాటా వద్దు, ఆల్బమూ వద్దు, మనిషిని వెతకడానికి సాయం రండని చెబుదామని బ్యాండు గదికి పరిగెత్తాడు. సగం మెట్లెక్కాడో లేదో, పైనుంచి తన గొంతే వినబడింది.

పో... వద్దులే. పో... వద్దులే.

తలుపు తోశాడు. స్పీకర్లో అతని బాత్రూం రికార్డింగు. దానికి తోడుగా గమ్మున బేసు, ఉయ్యాలలా. దడదడ రెండు చేతులతో వాయిస్తున్నది ఆమె సూట్‌కేసు. ఆమె స్పీకరు డబ్బా మీద కూర్చుని, కాళ్లూపుకుంటూ, కళ్లు మూసుకుని పాడుతోంది: ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నానా... పోట్లాటకని రాసుకున్న మాట ఆమె గొంతులో జోలపాటలా ఉంది.

శోకరాజుకి అప్పుడు వెలిగింది. పెళ్లయిన మూడో రోజున, నా ప్రతి రాగం ముందు నువ్వే వినాలి అంటూ మురిసిపోయి, ఆమెని అటక ఎక్కించింది తనే.

"అంతా విన్నావా?"

"ఎనిమిదిసార్లూ విన్నా. పోట్లాటకి ఒప్పుకున్నా. నా గొంతుని అంత సన్నం చేశావే, దానికి మాత్రం క్షమించను."

"మరి ఏడుపు పాట కావాలన్నారు?"

"రాత్రి వింటూ ఏడ్చానన్నా," అన్నాడు దడదడ. "మొదట నవ్వలేక. ఎనిమిదో 'వద్దులే' దగ్గర మాత్రం నిజంగానే."

గమ్మున నోరు తెరిచాడు. "బాగుంది."

అందరూ కిటికీలోంచి ఆకాశం వంక చూశారు.

"నాకేం మిగిల్చారు మరి?" అన్నాడు శోకరాజు, నేల చూపులు చూస్తూ.

ఆమె మైకు అందించింది. "చివరి లైను. అందులో నిజం తప్ప ఇంకేం ఉండకూడదు."

అతను మైకు అందుకున్నాడు. మూడేళ్ల విరహమంతా గొంతులోకి తెచ్చుకుని పాడాడు: "ఆ తువ్వాలు నాదే..."

ఆదివారం స్టూడియోలో ఆ లైను పదకొండుసార్లు పాడించారు. మొదటిసారే బ్రహ్మాండంగా వచ్చిందని రికార్డింగాయన చెబుతూనే ఉన్నాడు. అద్దం అవతల ఆయన పక్కన కూర్చున్న ఆమె మాత్రం ప్రతిసారీ వేలెత్తి చూపిస్తూ వచ్చింది.

"ఇంకొక్కసారండీ!"