శాశ్వత కుటుంబం నంబర్ వన్

"సౌదీలో చెమటోడుస్తున్న ప్రతి తెలుగువాడి పక్కనా ఆరు నెలల్లో భార్యాబిడ్డలు ఉంటారు, పర్మనెంట్‌గా!"

పార్టీ గల్ఫ్ విభాగం కన్వీనర్ రామప్రసాద్ గారు ఈ ప్రకటన రియాద్‌లో, సులై లేబర్ క్యాంపులో, శుక్రవారం మధ్యాహ్నం బిర్యానీ వడ్డించక ముందు చేశారు. వడ్డించాక ప్రకటిస్తే వినేవాడు ఉండడని ఆయన అనుభవం. పథకం పేరు 'శాశ్వత కుటుంబం'. లోగో కూడా అప్పటికే సిద్ధం. ఖర్జూరం చెట్టు కింద తండ్రి, తల్లి, పాప. చెట్టు మీద రామప్రసాద్ గారు.

వెనక వరసలో ఒకతను లేచాడు. "సార్, ఈడ ఉండనిచ్చే మా ఇకామా కార్డుల మీద లేబర్ అని ఉండాది. లేబర్‌కి ఫ్యామిలీ వీసా ఇయ్యరు గదా?"

"ఇవ్వరు కాబట్టే పథకం పెట్టామండీ. ఇచ్చేదానికి పథకమెందుకు?" అన్నారు రామప్రసాద్ గారు.

చప్పట్లు మోగిపోయాయి. అందరికన్నా ఎక్కువసేపు కొట్టినవాడు ఓబులయ్య. రాజంపేట వైపు మనిషి, కూరగాయల గోడౌన్‌లో మూటలు మోస్తాడు. పెళ్లాం, కూతురు, తను ఒకే కప్పు కింద కూర్చుని అన్నం తిని నాలుగేళ్లయింది. ఆ ఒక్క ముద్ద కోసం అతను ఎంతసేపైనా చప్పట్లు కొట్టగలడు.

విచిత్రమేమిటంటే అతని భార్య అలివేలుమంగ సౌదీలోనే ఉంది. రియాద్‌కి ఆరేడు వందల కిలోమీటర్ల దూరాన హాయిల్‌లో ఒక అరబ్బుల ఇంట్లో వంటా, ఇల్లు ఊడ్చే పనీ చేస్తుంది. రెండు వారాలకోసారి గోడౌన్ లారీ ఆలుగడ్డల కోసం హాయిల్ వెళ్తుంది. ఎక్కించడానికి ఓబులయ్య వెళ్తాడు. లారీ సందు చివర ఆగుతుంది, మంగ చెత్త సంచి పట్టుకుని బయటికొస్తుంది. మునిసిపాలిటీ చెత్తడబ్బా పక్కన పది నిమిషాలు, అదీ వాళ్ల కాపురం. ఆ రోజు ఇంట్లో చెత్త కాస్త ఎక్కువగా ఉండేటట్టు ఆ ఇంటి మేడమే చూసుకుంటుంది. ఊళ్లో కూతురు ఆశా ప్రభుత్వ హాస్టల్లో ఆరో తరగతి చదువుతోంది.

ఓబులయ్య వెళ్లి రామప్రసాద్ గారి చేతులు పట్టుకున్నాడు. "సార్, నా పెండ్లాం ఈడనే ఉండాది. మా ఇద్దర్నీ, బిడ్డనీ ఒకసాట చేర్చండి సార్."

రామప్రసాద్ గారి కళ్లు మెరిశాయి. "మీరే మన నంబర్ వన్ కుటుంబమండీ! కాకపోతే ఇక్కడున్న మనిషిని ఇక్కడికి తేవడం రూల్స్ ప్రకారం కుదరదు. ముందు ఇండియా పంపాలి. పంపితేగానీ తెప్పించలేం."

ఇంత లోతుగా ఆలోచించే నాయకుడు తమకు దొరికినందుకు క్యాంపు క్యాంపంతా పొంగిపోయింది.

మొదటి మెట్టు, ఓబులయ్య ఉద్యోగం పేరు మార్చడం. ఆలుగడ్డలు మోసేవాడికి ఇంకేం పేరు పెట్టాలని కంపెనీ కాగితాలు చూసే ముజాహిద్ తల పట్టుకున్నాడు. "అరే భాయ్, యే ఆద్మీ ఆలూ ఉఠాతా హై!"

"ఆలూ ఎక్కడికి తీసుకెళ్తాడు? మార్కెట్‌కే కదా? మార్కెటింగ్ స్పెషలిస్ట్ అని రాయండి" అన్నారు రామప్రసాద్ గారు.

ఎన్ని సంతకాలు తిరిగాయో గానీ ఓబులయ్య మార్కెటింగ్ స్పెషలిస్ట్ అయ్యాడు. అయిన మర్నాడే అతన్ని లారీ దించేశారు. స్పెషలిస్టులు మూటలు మోస్తూ తనిఖీలో దొరికితే కంపెనీకి జరిమానా పడుతుందట. లోపల ఒక కుర్చీ వేసి, చేతికి పెన్ను ఇచ్చి, కదలొద్దన్నారు. చివరిసారి హాయిల్ వెళ్లొస్తానని బతిమాలితే ఒక్క ట్రిప్పుకు ఒప్పుకున్నారు.

రెండో మెట్టు, మంగను పంపడం. ఆమె కాంట్రాక్టు ఇంకా ఏడాది ఉంది. కానీ సొంత రాష్ట్రంలో 'ప్రవాస మహిళా విముక్తి మిషన్' ఉంది, అర్జీ పెడితే మూడు వారాల్లో విడిపిస్తుంది. అర్జీ రామప్రసాద్ గారే స్వయంగా రాశారు. అందులో నరకయాతన అన్న మాట నాలుగుసార్లు వచ్చింది.

"సార్, ఆ మేడం మంచిది సార్. మొన్న రంజాన్‌కి నా పెండ్లానికి ముక్కుపుడక పెట్టింది" అన్నాడు ఓబులయ్య.

"మంచితనానికి కాలమ్ లేదండీ ఫారమ్‌లో."

ఆ చివరి ట్రిప్పులో చెత్తడబ్బా దగ్గరికి మంగ ఉత్త చేతులతో వచ్చింది. "నేను పోతానంటే మేడం ఏడుస్తాంది. నాకూ ఏడుపొస్తాంది. మనం కలిసేదానికి ఇంతమంది ఏడ్సాల్నా యో?"

"మూడు నెలలే మ్మే. ఆ పైన నువ్వూ నేనూ ఆశా, ముగ్గురం ఒకే ఇంట్లో."

మేడం మూడు పెట్టెల ఖర్జూరాలూ, రెండు దుప్పట్లూ, ఆశాకు ఆరు గౌన్లూ సర్ది పంపింది.

సొంత రాష్ట్రం విమానాశ్రయంలో విముక్తి మిషన్ మంత్రి ఉజ్వల గారు కెమెరాలతో సహా స్వాగతం పలికారు. దుప్పట్లు బాధితురాలి పక్కన బాగుండవని పెట్టెల్ని స్తంభం వెనక పెట్టించారు. తర్వాత మంగ చేత "జీవితంలో మళ్లీ గల్ఫ్ గడప తొక్కను" అని ప్రమాణం చేయించి, పేరు కంప్యూటర్‌లో ఎక్కించారు. ఆ జాబితాలో పేరున్న మహిళను ఏ అధికారీ గల్ఫ్ విమానం ఎక్కనివ్వడు. అంత పకడ్బందీ రక్షణ.

"అమ్మా, మూడు నెలల్లో నేను మా ఆయన కాడికి పోవాల గదా?" అంది మంగ. మైకు అప్పటికే పక్కన నిలబడ్డ ఇంకో బాధితురాలి ముందుకు వెళ్లిపోయింది.

కబురు విని ఓబులయ్య కుర్చీలోంచి లేచి రామప్రసాద్ గారి దగ్గరికి పరిగెత్తాడు. "సార్, నా పెండ్లాన్ని ఇంక రానీయరంట!"

రామప్రసాద్ గారు చలించలేదు. గొప్పవాళ్లు చలించరు. "ఆవిడ సేఫ్‌గా ఉందండీ. ప్రభుత్వమే కాపలా. ఇంతకన్నా పర్మనెంట్ ఏముంది?"

"మేము కలిసేదెట్ల సార్?"

"వచ్చే శుక్రవారం మీకు సన్మానం. అక్కడ మాట్లాడుకుందాం."

సన్మానసభ బ్రహ్మాండంగా జరిగింది. స్క్రీన్ మీద ఉజ్వల గారు. వేదిక మీద 'శాశ్వత కుటుంబం నంబర్ వన్' బ్యానర్, దాని కింద మూడు కుర్చీలు. ఒక దాంట్లో శాలువాతో ఓబులయ్య. రెండు ఖాళీ.

"విజువల్ బాగాలేదు" అన్నారు రామప్రసాద్ గారు. ముందు వరసలో ఇంజనీర్ సాయితేజ భార్యా, పాపా కూర్చుని ఉన్నారు. "అమ్మా, ఐదు నిమిషాలు కూర్చుని వెళ్లండి. పాపా, అంకుల్ పక్కకు జరుగు."

ఓబులయ్య లేవబోయాడు. శాలువా పట్టుకుని కూర్చోబెట్టారు. "నవ్వండి సార్" అన్నాడు ఫోటోగ్రాఫర్. మార్కెటింగ్ స్పెషలిస్ట్ నవ్వాడు.

మర్నాడు ఆ ఫోటో సొంత జిల్లా పేపర్లో మొదటి పేజీలో పడింది. 'సౌదీలో ఒక్కటైన కుటుంబం. ఎడమ నుంచి ఓబులయ్య, అలివేలుమంగ, ఆశా.' ఒక్క రోజులో పథకానికి నాలుగు వందల దరఖాస్తులు వచ్చాయని రామప్రసాద్ గారు ఫోన్ చేసి అభినందించారు. ఆ ఫోన్ పెట్టగానే ఇంకోటి మోగింది. హాస్టల్ వార్డెన్ నంబర్. మాట్లాడింది ఆశా.

"నాయనా, పేపర్లో నా పేరు పడింది. ఫోటోలో నీ పక్కన వేరే ఆమెను చూసి అమ్మ నీతో మాట్లాడనంటాంది. ఈడ హాజరుపట్టీలో నా పేరు కొట్టేసినారు నాయనా. సౌదీకి పోయినోళ్లకి హాస్టల్లో సీటు ఉండదంట. నేను యాడికీ పోలేదు, ఈడనే మీ ఎదురుంగా నిలబడుకోని ఉండా గదా సార్ అంటే, వార్డెన్ సారు ఆ పేపరే చూపిస్తాండాడు. నేనేం చెప్పాల నాయనా?"